పూతలపట్టు చెరుకు, కాకినాడ యూరియా, గాలిలోని బొగ్గు

చిత్తూరు జిల్లా పూతలపట్టు ఎరువుల అంగట్లో దొరికే 45 కిలోల యూరియా మూట తయారు కావాలంటే దాదాపు 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. మనం వదిలే ఊపిరిలో, లారీ పొగలో ఉండే వాయువే అది. అమ్మోనియాతో కలిపి 180 డిగ్రీల వేడిలో, మామూలు గాలికి 140 రెట్ల పీడనంలో నొక్కితే యూరియా అవుతుంది. తమాషా ఏమంటే, ఈ ఆఖరి మెట్టుకు ఉత్ప్రేరకం అక్కర్లేదు. దానికి ముందున్న ముఖ్యమైన మెట్లకు కావాలి: సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీయడానికి నికెల్, ఆ హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో కలపడానికి ఇనుము. తాము ఖర్చయిపోకుండా రసాయన చర్యను త్వరపెట్టడమే వీటి పని.

పొగగొట్టంలో పోయే వాయువును పట్టి ఎరువు చేసిన కర్మాగారం మన రాష్ట్రంలోనే ఉంది. సహజవాయువుతో అమ్మోనియా చేస్తే, దాన్నంతా యూరియాగా మార్చడానికి సరిపడా కార్బన్ డయాక్సైడ్ రాదు. ఆ కొరత తీర్చుకోవడానికి కాకినాడలోని నాగార్జున ఫర్టిలైజర్స్ 2009లో రోజుకు 450 టన్నులు పట్టగల యూనిట్ పెట్టింది. సాంకేతికత జపాన్‌కు చెందిన మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్‌ది.

మరి ఆ కార్బన్ గాలికి దూరమైనట్టేనా? లేదు. యూరియా మట్టిలో పడగానే సూక్ష్మజీవుల యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. అమ్మోనియా పైరుకు, కార్బన్ డయాక్సైడ్ మళ్లీ గాలికి. అంతా కొద్ది రోజుల్లోనే. కాబట్టి యూరియాను వాతావరణానికి మేలుగా చూపించే లెక్కలను నేను నమ్మను. ఈ యూరియేజ్‌కు చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. స్ఫటికంగా తీసిన తొలి ఎంజైమ్ ఇదే. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ చిక్కుడు జాతికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి తీశారు. 1946లో నోబెల్ అందుకున్నారు.

ఇక అసలైన పనివాడు ఆకులో ఉన్నాడు. పేరు రుబిస్కో. గాలిలోని కార్బన్‌ను చక్కెరగా మార్చే దారిలో తొలి ఎంజైమ్. భూమ్మీద ఇంత విస్తారంగా ఉన్న ప్రోటీన్ మరొకటి లేదంటారు. కానీ మహా నిదానం: సెకనుకు పట్టేది మూడు నుంచి పది అణువులు. పైగా కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది కూడా. ఎండ ముదిరేకొద్దీ ఆ పొరపాట్లు పెరుగుతాయి. చిత్తూరు జిల్లా మామిడి చెట్టు, వేరుశెనగ, వరి అన్నీ ఈ నష్టం భరించేవే.

చెరుకు మాత్రం ఉపాయం కనిపెట్టింది. అది ముందుగా పెప్ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ను కాపలా పెడుతుంది. దానికి ఆక్సిజన్ అంటే గిట్టదు. అది పట్టిన కార్బన్ నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారి ఆకు లోపలి కణాలకు చేరుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ విడుదలై రుబిస్కో చుట్టూ కిక్కిరిసిపోతుంది. పొరపాటుకు దాదాపు చోటే ఉండదు. హవాయిలో కోర్ట్‌షాక్ బృందం 1965లో చెప్పిన ఈ వింతకు, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ వివరణ ఇచ్చారు. వాళ్లు పరిశోధించింది చెరుకు ఆకునే. జొన్న, రాగి, మొక్కజొన్నలదీ ఇదే దారి. కాణిపాకం వినాయకుడికి సమర్పించే గరికదీ ఇదే దారి!

రుబిస్కో నిదానమైతే, మన ఒంట్లో మహా వేగమైన ఎంజైమ్ ఒకటుంది. ఎర్ర రక్తకణాల్లోని కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్‌లో ఉండేది ఒక్క జింక్ అయాన్. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు పది లక్షల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులను నీటితో కలపగలదు.

ఎంజైముల సంగతి అలా ఉంచితే, కార్బన్ డయాక్సైడ్‌ను మార్చే లోహాల కథ ఫ్రాన్స్‌లో మొదలైంది. నికెల్ మీద హైడ్రోజన్‌తో కలిపితే కార్బన్ డయాక్సైడ్ మీథేన్ అవుతుందని 1902లో పాల్ సబాటియే చూపారు. పదేళ్లకు నోబెల్. వ్యోమగాములు వదిలిన ఊపిరి నుంచి నీరు రాబట్టడానికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2010లో అమర్చిన యంత్రంలో జరిగిందీ అదే చర్య. 1980ల్లో జపాన్‌లో యోషియో హోరి బృందం రాగి రేకు మీద విద్యుత్తుతో మీథేన్, ఇథిలీన్ రాబట్టింది. వెండి, బంగారం మీద ప్రధానంగా కార్బన్ మోనాక్సైడే వస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది కార్బన్ డయాక్సైడ్ నుంచి మెథనాల్ అనే ఇంధనం చేయడం. రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిపిన ఉత్ప్రేరకంతో ఐస్‌లాండ్‌లో దశాబ్దం కిందటే మొదలైంది. మన దేశంలో వింధ్యాచల్ విద్యుత్ కేంద్రం పొగ నుంచి మెథనాల్ చేశామని ఎన్టీపీసీ 2024 నవంబరులో ప్రకటించింది. అయితే లెక్క చూసుకోవాలి. టన్ను మెథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో పాటు 188 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌లో మూడో వంతు నీళ్లయి పోతుంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్లు కావాలి. అంటే టన్నుకు తొమ్మిది వేల యూనిట్లు దాటినట్టే. ఉత్ప్రేరకం ఘాట్ రోడ్డులాంటిది. ఎక్కడం తేలిక చేస్తుంది గానీ కొండ ఎత్తు తగ్గించదు. ‘పొగ నుంచి ఇంధనం’ అని ఎవరైనా అంటే ముందు హైడ్రోజన్ ఎక్కడిదో అడగండి.

హైడ్రోజన్ అడగని దారీ ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను విరచకుండా ఉన్నదున్నట్టు ప్లాస్టిక్ గొలుసులో అతికించవచ్చు. జింక్ ఉత్ప్రేరకంతో 1969లో జపాన్‌లో షోహెయ్ ఇనోయే దీన్ని చేసి చూపారు. 2016 నుంచి జర్మనీలోని డోర్‌మాగెన్‌లో కొవెస్ట్రో సంస్థ ఇలాంటి ముడిసరుకు తయారు చేస్తోంది. అందులో బరువులో ఐదో వంతు దాకా కార్బన్ డయాక్సైడే. దానితో చేసిన నురుగు పరుపుల్లోకి పోతోంది.