తాళము తప్పిన కంప్యూటరు

తిరుగలి సరిగా విసరకున్న, రాతి గంట్లు అరిగినవని మనమెరుగుదుము. కుట్టుయంత్రము దారము తెంపుచున్న, సూదిని పరీక్షింతుము. కాని కంప్యూటరు మందగించినప్పుడు మాత్రము, దానికి కాలము చెల్లినదని యొకరు చెప్పినంతనే నమ్మి, క్రొత్తదానికై సొమ్ము వెచ్చింప సిద్ధపడుచున్నాము. యంత్రము ముసలిది కాక, తన వేగమును మరచినదై యుండవచ్చును. ఆ మరపును బాపుట ఇల్లాలికి అసాధ్యమైన కార్యము కాదు.

ఇది 2011వ సంవత్సరమున మా పెద్దవదినగారి యింట జరిగిన సంగతి. అన్నగారు చూపు మందగించి కొలువు మానుకొన్న పిమ్మట, వదినగారు పుస్తకములకు, శుభలేఖలకు ఇంటియొద్దనే తెలుగు అక్షరకూర్పు చేసి సంసారము నడుపుచుండిరి. కుమార్తె పురిటికై రెండుమాసములు పొరుగూర నుండి తిరిగివచ్చి కంప్యూటరు పెట్టిచూడగా, తెరపై తేదీ యెన్నియో యేండ్ల వెనుకటిదిగా కనబడెను. నాటినుండి పని నెమ్మదించెను. గంటలో ముగియవలసినది గంటా యిరువది నిమిషములు పట్టుచుండెను. మరమ్మతు చేయు నతడు వచ్చి చూచి, క్రొత్తది కొనుట తప్ప వేరుమార్గము లేదనెను.

వదినగారు గాజులు రెండు మూటగట్టుకొని మాయింటికి వచ్చిరి. “అమ్మాయీ! అచ్చాఫీసువారు గడువు పొడిగింపరు. గాజులు మరల చేయించుకొనవచ్చును. చేతిలోని పని పోయిన మరల వచ్చునా?” అనిరి.

నేను ఈ విద్యలో పండితురాలను కాను. అయినను, బీరువాలో రసీదులతోగూడ ఆమె భద్రపరచిన మదర్‌బోర్డు పుస్తకమును తీసి చదివితిని. ఆమె యంత్రములోని ప్రాసెసరు ఏ.ఎం.డి. వారు 2002లో వెలువరించిన ఆథ్లాన్ ఎక్స్‌.పి. 2400+. ఇందు 2400 అనునది పేరే కాని వేగము కాదు. దాని నిజవేగము 2000 మెగాహెర్ట్జ్‌లు. యంత్రమును ప్రారంభింపగా తెరపై కనబడిన సంఖ్య 1500 మాత్రమే!

ఇది యెట్లు జరుగునో సంగీతము నేర్చిన సోదరీమణులకు సులభముగా బోధపడును. మదర్‌బోర్డుపై ప్రాసెసరునకును తక్కిన భాగములకును నడుమ వార్తలు నడపు దారికి ‘బస్’ అని పేరు. ఆ దారి వేగము తాళమువంటిది. తాళమున ఒక్కొక్క దెబ్బకు ప్రాసెసరు కొన్ని నడకలు నడచును. ఈ ప్రాసెసరు దెబ్బకు 15 నడకలు నడచునది. తాళము 133 మెగాహెర్ట్జ్‌లైన, అనగా సెకనునకు సుమారు 13 కోట్ల 33 లక్షల దెబ్బలైన, వేగము 2000 అగును. తాళము 100కు తగ్గిన, 1500 అగును. విద్వాంసుని శక్తి తగ్గలేదు. తాళము వేయువారే నెమ్మదించిరి.

తాళమేల తగ్గినది? మదర్‌బోర్డుపై నాణెమువంటి చిన్న బ్యాటరీ యుండును. దాని గుర్తు సి.ఆర్. 2032, శక్తి 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు తేదీని నడపునదియు, మనము నిర్ణయించిన వేగమును జ్ఞాపకముంచునదియు నదియే. యంత్రము చిరకాలము గోడకరెంటుతో సంబంధము లేక యున్న, దాని శక్తి త్వరగా హరించును. అంతట ఆ బోర్డు ఏ ప్రాసెసరైనను లేచి నిలువగల నిదానపు వేగమును చేపట్టెను. కావున తేదీ తప్పుటయు, వేగము తగ్గుటయు ఒక్క రోగపు లక్షణములే.

ఇక చికిత్స. ముందుగా యంత్రమును ఆపి, తీగను గోడనుండి తీసివేయవలెను. పెట్టెయొక్క లోహభాగమును చేతితో తాకి, ఒంటిపైనున్న విద్యుత్తును పోగొట్టుకొనవలెను. పాత బ్యాటరీని తీసి, క్రొత్తదానిని కూడిక గుర్తు పైకుండునట్లు అమర్చవలెను. పాతదానిని పసిబిడ్డల కందనీయరాదు. మ్రింగినచో రెండుగంటలలోనే అన్నవాహికను కాల్చి ప్రాణాపాయము కలిగింపగలదు.

పిదప యంత్రమును ప్రారంభించి, వెంటనే డిలీట్ మీటను పలుమారు నొక్కవలెను. కొన్నిటికి ఎఫ్‌2 మీట. అప్పుడు ‘బయాస్’ అను అమరికల పట్టిక తెరచుకొనును. తేదీని దిద్ది, ప్రాసెసరు వేగమును తెలుపు పుటలో బస్ వేగమును 100నుండి 133కు మార్చి, ఎఫ్‌10తో భద్రపరచవలెను. కొన్ని బోర్డులపై ఈ మార్పును జంపరు అను చిన్న తొడుగును జరిపి చేయవలసియుండును. దాని స్థానము బోర్డు పుస్తకములో చూచుకొనవలెను.

ఇచట ఆశ కూడదు. 133కు మారుగా 166 ఎన్నుకొన్నచో, ప్రాసెసరు దాదాపు 2500 వేగమునకు తరుమబడి వేడెక్కును, పని నడుమ నిలిచిపోవును, దాచుకొన్న వ్రాతలును చెడవచ్చును. పుస్తకము చెప్పిన సంఖ్యయే మనకు ప్రమాణము.

నేటి యంత్రములలో బస్ వేగము సాధారణముగా 100గానే యుండును. పని లేనప్పుడు ప్రాసెసరు తనంతట వేగము తగ్గించుకొనును గనుక, తక్కువ సంఖ్య కనబడినంతనే కలత చెందనక్కరలేదు. కాని వానిలోను బ్యాటరీ క్షీణించిన అమరికలు చెదరును. 3200 వేగపు మెమొరీ 2133కో 2400కో దిగజారవచ్చును. దానిని ఎక్స్‌.ఎం.పి. అను అమరికతో మరల నిలుపవచ్చును.

ఆ సాయంకాలమున వదినగారి తెరపై 2000 అను సంఖ్య కనబడెను. వ్యయమైనది బ్యాటరీకి కొద్దిపాటి రూపాయలు. గడువునకు ఒకదినము ముందే ఆమె పుటలను ఒప్పగించిరి. గాజులు ఆమె చేతులనే యున్నవి.

సోదరీమణులారా! మీ యంత్రము చక్కగా నడచుచున్న దినముననే దాని ప్రాసెసరు పేరును, బస్ వేగమును, మెమొరీ వేగమును పద్దుల పుస్తకములో నొకమూల వ్రాసి యుంచుకొనుడు. మందగించిన నాడు, క్రొత్తదాని వెల యడుగుటకు ముందు, ఆ పంక్తిని తెరతో సరిచూచుకొనుడు.