పెంపుడు కుక్కలు, పిల్లుల శరీర సంరక్షణ

పెంపుడు కుక్కలకు, పిల్లులకు బొచ్చు దువ్వుట, స్నానము చేయించుట, గోళ్ళు కత్తిరించుట మొదలగు పనులను కలిపి గ్రూమింగ్ అంటారు. నగరాలలో ఇది ఒక వృత్తి. ఇంటివద్ద చేసేవారికి కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో శీతాకాలపు ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు 0 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దిగుతుంది. ఇటువంటి చోట ఎండ వచ్చిన తరువాతనే గోరువెచ్చని నీటితో స్నానము చేయించి, బొచ్చు మొదళ్ళ వరకు ఆరబెట్టాలి. చిక్కులు స్నానానికి ముందే తీయాలి. తడిస్తే అవి మరింత బిగుసుకొంటాయి. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకొంటుంది కనుక దానికి స్నానము అరుదుగానే అవసరము.

పొదలలో తిరిగే కుక్కలకు పిడుదులు పట్టుట సామాన్యము. ఇవి ఎర్లీషియా, బెబీసియా అనే సూక్ష్మజీవుల ద్వారా ప్రాణాంతక జ్వరాలను వ్యాపింపజేయగలవు. చెవులలో, వేళ్ళ సందులలో వెదకి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని తిన్నగా లాగాలి. కిరోసిన్ పూయుట, నిప్పు చూపుట తగదు.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కుక్కల పిడుదుల మందులు కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయము దీనిని సరిగా విచ్ఛిన్నము చేయలేదు. అందువలన కుక్కకు వాడిన మందును పిల్లికి పూస్తే వణుకు, మూర్ఛ కలిగి చనిపోవచ్చు. మందు పూసిన కుక్కను ఆరేవరకు పిల్లికి దూరముగా ఉంచాలి.

గోటి లోపల రక్తనాళము, నరము ఉంటాయి. కొన మాత్రమే కత్తిరించాలి. జంతువు వణకినా, చెవులు వెనక్కు వంచినా పని ఆపి, మరునాడు కొనసాగించుట మంచిది.