లైట్ వెయిట్ ఫ్లైవీల్ వేయిస్తే కారు నిజంగా ఫాస్ట్ అవుతుందా?

ఈమధ్య చాలామంది తమ్ముళ్లు అడుగుతున్నారు: "అన్నా, నా స్విఫ్ట్‌కి లైట్ వెయిట్ ఫ్లైవీల్ వేయించనా?" ముందే చెప్పేస్తా, రోజూ నడిపే కారుకి వద్దు. ఎందుకో లెక్కతో చూద్దాం.

ఫ్లైవీల్ అంటే క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే బరువైన ఇనుప చక్రం. క్లచ్ ప్లేట్ పట్టుకునేది దాన్నే. సిలిండర్‌లో ఒక మంటకీ ఇంకో మంటకీ మధ్య ఇంజిన్ ఆగకుండా తిప్పేది దాని బరువే. ఆ బరువు తగ్గిస్తే ఇంజిన్ తొందరగా రేజ్ అవుతుంది, అది నిజమే. కానీ ఇంజిన్ తయారుచేసే పవర్ ఒక్క హెచ్‌పీ కూడా పెరగదు.

ఫ్లైవీల్‌లో, సెంటర్ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 2 కిలోలు తీశాం అనుకోండి. చిన్న కారు ఫస్ట్ గేర్‌లో టైరు ఒక రౌండ్ తిరిగేలోపు ఇంజిన్ సుమారు 14 రౌండ్లు తిరుగుతుంది. ఈ తేడా లెక్కలో స్క్వేర్ అవుతుంది కాబట్టి, పికప్‌కి అది దాదాపు 45 కిలోలు దింపినంత లాభం. భలే ఉంది కదా? ఇప్పుడు ఐదో గేర్ వేయండి. టైరుకి ఒక రౌండ్, ఇంజిన్‌కి మూడే రౌండ్లు. లాభం రెండు కిలోల చిల్లర. రెండు వాటర్ బాటిళ్లు దింపినట్టు!

నేనుండేది అత్తాపూర్. ఇక్కడ పిల్లర్ నంబర్లే అడ్రస్. పైన 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, ఎయిర్‌పోర్ట్ వైపు టాప్ గేర్‌లో పోతాం. అక్కడ మీ ఫ్లైవీల్ చేసేదేం లేదు. కింద పిల్లర్ల మధ్య ఫస్ట్, సెకండ్ గేర్లే. లాభం ఉండాల్సింది ఇక్కడే. కానీ హాఫ్ క్లచ్‌లో పాకేటప్పుడు ఆదుకునే బరువు మనమే తీసేశాం. క్లచ్ కొంచెం తేడాగా వదిలినా బండి ఆఫ్. ఏసీ ఆన్ చేస్తే ఐడిల్‌లో వణుకు.

అసలు భయం వేరే ఉంది. "కొత్తది ఎందుకు భాయ్, పాతదే లేత్ మీద చెక్కిద్దాం" అంటారు కొందరు. కంపెనీ ఫ్లైవీల్స్ చాలావరకు కాస్ట్ ఐరన్. ఇష్టమొచ్చినట్టు చెక్కి 6,000 ఆర్‌పీఎమ్ దాకా రేజ్ చేస్తే అది పగలొచ్చు. పగిలిన ముక్క బెల్ హౌసింగ్‌ని చీల్చుకుని వస్తుంది. దాని వెనకాలే ఉండేవి మీ కాళ్లు. దయచేసి ఈ పని మాత్రం చేయించకండి.

అల్యూమినియం క్రాంక్ పుల్లీ సంగతీ ఇంతే. చాలా కార్లలో ఒరిజినల్ పుల్లీ లోపల రబ్బరు ఉంటుంది, క్రాంక్ మెలిపడే వైబ్రేషన్‌ని మింగడానికి. అది తీసేస్తే ఆ దెబ్బ క్రాంక్ మీదే పడుతుంది.

ట్రాక్ కోసమే కారు కట్టేవాళ్లయితే బిల్లెట్ స్టీల్‌ది, ఎస్‌ఎఫ్‌ఐ సర్టిఫికెట్ ఉన్నది కొనండి. గేర్‌బాక్స్ ఎలాగూ దించాలి కాబట్టి క్లచ్ మార్చేటప్పుడే వేయించండి, లేబర్ ఒక్కసారే పడుతుంది. మిగతావాళ్లు ఆ డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించుకోండి. ఏ గేర్‌లో ఉన్నా పనికొస్తాయి.