వలస వచ్చిన రాగి: టన్నుల లెక్క ఒకటి, చేతికొచ్చేది ఒకటి

బేగంపేట: చిలీ నుంచి కొత్త రాగి నిక్షేపం వార్త వచ్చినప్పుడల్లా పంజగుట్ట, అమీర్‌పేట బ్రోకరు ఆఫీసులలో మొదట అడిగేది ఎన్ని టన్నులని. అంతకంటె ముందు ఏ రకం ఖనిజమని అడగవలసి వున్నది. ముఖ్యంగా వార్తలో ‘ఎగ్జాటిక్’ అన్న మాట వుంటే. ఇక్కడ దానికి విదేశీ అనో, అపురూపమనో అర్థం కాదు. పుట్టినచోట కాక మరొకచోట స్థిరపడిన రాగి, అనగా వలస వచ్చిన రాగి.

భూమి లోపల రాగి సాధారణంగా గంధకంతో కలిసి సల్ఫైడు రూపంలో వుంటుంది. దాని వెంట ఇనుము, గంధకం కలిసిన పైరైటు వుంటుంది. కొండ పైభాగం అరిగిపోయి ఆ రాయి గాలికి, వాననీటికి బయటపడితే పైరైటు చెడి గంధకికామ్లం తయారవుతుంది. రాగి అందులో కరిగి నీటితో కదులుతుంది. నీరు తిన్నగా కిందికి దిగితే, జలమట్టం దగ్గర రాగి మళ్ళీ గంధకంతో కలిసి చిక్కటి పొర కడుతుంది. అలా కాక నీరు పక్కకు మళ్ళి, పాత వాగుల అడుగున గులకరాళ్ళ మధ్య కొన్ని కిలోమీటర్లు పారిందనుకుందాం. దారిలోని రాళ్ళు ఆమ్లాన్ని విరిచివేస్తాయి, ఎండకు నీరు ఆవిరవుతుంది, రాగి గులకరాళ్ళను సిమెంటులా పట్టుకుంటుంది. నీలి పచ్చని క్రైసొకొల్లా, పచ్చని అటకమైటు, మాంగనీసు కలిసిన నల్లటి ‘కాపర్ వాడ్’ ఇలా వచ్చినవే.

చిలీలోని చుకికమాటా గనికి దక్షిణాన వున్న మినా సుర్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. దాని పాత పేరే ఎగ్జోటికా. 1971 జూలైలో చిలీ జాతీయం చేసిన పెద్ద గనులలో అదీ ఒకటి. సుమారు ఒకటిన్నర, రెండు కోట్ల ఏళ్ళ కిందట చుకికమాటా నుంచి కరిగి వచ్చిన రాగి అక్కడి కంకరలో నిలిచింది. తరువాత అటకామా ఎడారిగా మారింది. వానలు లేకపోబట్టే ఆ సరుకు కొట్టుకుపోకుండా మిగిలింది.

మన వైపు ఆ అదృష్టం తక్కువ. పల్నాడు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో రాగి, సీసం వున్నాయి. బండ్లమోటు సీసం గనిని హిందుస్థాన్ జింక్ కొంతకాలం నడిపి మూసివేసింది. అటువంటి చోట రాతిమీద కనిపించే పచ్చదనం అక్కడి ఖనిజమే అక్కడే చివికినందువల్ల వచ్చినది, వలస సరుకు కాదు. రుతుపవనాల వానకు కరిగిన రాగి నిలవడం కష్టం. నీటి వెంట లోహం ప్రయాణం చేయడం మాత్రం మనకు కొత్త విషయం కాదు. బేగంపేట సర్దార్ పటేల్ రోడ్డులోని అణు ఖనిజాల డైరెక్టరేటు వెదికే యురేనియం కూడా నీటిలో కరిగి, అనువైనచోట నిలిచే లోహమే.

వర్తకులకు పనికివచ్చే విషయం ఇక్కడ వున్నది. సల్ఫైడు ఖనిజాన్ని నురుగు తేల్చి, 25-30 శాతం రాగి వుండే కాన్సెంట్రేటు చేసి స్మెల్టరుకు పంపుతారు. క్రైసొకొల్లా ఆ విధంగా సరిగా తేలదు. దానిని కుప్పపోసి గంధకికామ్లంతో తడిపి, వచ్చిన ద్రావణం నుంచి విద్యుత్తుతో నేరుగా కాథోడ్ తీస్తారు. కనుక ఎగ్జాటిక్ గని ఎంత పెద్దదైనా స్మెల్టరుకు ముడిసరుకు ఇవ్వదు. 2018లో తూత్తుకుడి స్మెల్టరు మూతపడినది మొదలు మన దేశం శుద్ధి చేసిన రాగికి దిగుమతులపై ఆధారపడుతున్నది. దహేజ్ వంటి స్మెల్టర్లు బయటి కాన్సెంట్రేటు కొంటున్నాయి. ఆ కాన్సెంట్రేటు కొరత ఇటువంటి వార్తతో తీరుతుందనుకుంటే పొరపాటు. కాథోడ్ ధరపై ప్రభావం మాత్రం వుండవచ్చు.

రెండవది ఆమ్లం ఖర్చు. స్మెల్టరు టన్ను రాగికి సుమారు మూడు టన్నుల గంధకికామ్లాన్ని అమ్ముకుంటుంది. ఎగ్జాటిక్ గని దానిని కొనుక్కోవాలి. కంకరలో సున్నపు పాలు ఎక్కువైతే ఆమ్లం రాగికి అందకముందే ఖర్చవుతుంది. అందుకే చిలీ ఆమ్లాన్ని పెద్దఎత్తున దిగుమతి చేసుకుంటున్నది.

మూడవది నల్ల సరుకు. కాపర్ వాడ్‌లోని రాగి ఆమ్లానికి నెమ్మదిగా, అరకొరగా లొంగుతుంది. కంపెనీ ప్రకటనలో మొత్తం రాగి శాతం ఒకటి, ఆమ్లంలో కరిగే రాగి శాతం మరొకటి వుంటాయి. పెద్ద అక్షరాలలో వేసేది సాధారణంగా మొదటిదే. అమ్మకానికి వచ్చే సరుకును అంచనా వేయాలంటే రెండవ అంకె చూడాలి, దాని పక్కన టన్నుకు ఎంత ఆమ్లం పడుతుందో కూడా చూడాలి.