కనిపించని పులులకూ లెక్క

పులి ఒంటరిగా, ఎక్కువగా చీకటివేళల్లో తిరుగుతుంది. అడవిలోని పులులన్నిటినీ కళ్లారా చూసి లెక్కపెట్టడం కుదరదు. కనిపించినవాటిని బట్టి కనిపించనివి ఎన్నో తేల్చాలి.

మన దేశంలో చాలాకాలం ఈ లెక్కకు పాదముద్రలే ఆధారం. అటవీ సిబ్బంది మట్టిలో పడ్డ ముద్రపై గాజుపలక ఉంచి అంచులు గీసుకునేవారు, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవారు. అడుగును బట్టి పులిని పోల్చుకోవచ్చని నమ్మేవారు. కానీ ఒకే పులి అడుగు బురదలో ఒకలా, ఇసుకలో మరోలా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో పులులున్నాయని కాగితాల మీద లెక్కలు చెబుతుండగానే, అక్కడ ఒక్కటీ మిగల్లేదని 2005లో తేలింది. 2006 నుంచి దేశవ్యాప్త గణన తీరు మారింది.

కొత్త తీరుకు మూలం పట్టి, గుర్తువేసి, వదిలి, మళ్లీ పట్టే పద్ధతి. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త చేపలపైన, అమెరికాలో లింకన్ అనే శాస్త్రవేత్త బాతులపైన చేసిన పనితో ఇది స్థిరపడింది. పులికి గుర్తు వేయనక్కర్లేదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడి, ఎడమ పక్కల చారలు కూడా వేరే. అందుకే పులిని పట్టే బదులు రెండు పక్కలా ఫొటో తీసేలా బాటకు అటూ ఇటూ రెండు కెమెరాలు బిగిస్తారు. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ ఈ పద్ధతిని పులులకు వర్తింపజేశారు.

ఒక అడవిలో మొదటి విడతలో 40 పులులు ఫొటోలకు చిక్కాయనుకుందాం. రెండో విడతలో 30 చిక్కాయి, వాటిలో 20 పాతవే. అంటే రెండోసారి దొరికినవాటిలో మూడింట రెండు వంతులు ముందే నమోదయ్యాయి. కాబట్టి మొదటి 40 కూడా మొత్తంలో మూడింట రెండు వంతులే అయివుండాలి. మొత్తం 60.

ఈ లెక్క నిలవాలంటే గణన జరిగే రోజుల్లో చావులు, పుట్టుకలు, వలసలు ఉండకూడదు. అందుకే ఒక్కో చోట కెమెరాలతో గణనను కొద్ది వారాల్లోనే ముగిస్తారు. కొన్ని పులులు కెమెరాలున్న బాటలోనే పదేపదే తిరిగితే పాతవే మళ్లీమళ్లీ చిక్కి, అంచనా అసలు కంటే తగ్గుతుంది. ప్రతి పులీ ఏ కెమెరాకు ఎక్కడ చిక్కిందో కూడా లెక్కలోకి తీసుకునే నమూనాలు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దుతాయి. కెమెరాలు లేని చోట్ల పాదముద్రలు, మలం, ఆహార జంతువుల సాంద్రత, అడవి స్థితి ఆధారంగా అంచనా కడతారు.

అందుకే ఫలితం ఒక్క అంకెగా ఉండదు. 2022 గణన ప్రకారం దేశంలో పులులు 3,167 నుంచి 3,925 వరకు ఉంటాయి. సగటు 3,682. ఆ రెండు హద్దుల మధ్య దూరమే లెక్కలో మిగిలిన అనిశ్చితికి కొలత.