సెగ్గడ్డ చుట్టూ ఓ గీత

మామిడిపళ్ల కాలం వచ్చిందంటే ఇంట్లో ఎవరికో ఒకరికి సెగ్గడ్డ లేస్తుంది. ‘వేడి చేసింది’ అంటాం. సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తాం. తగ్గకపోతే మెడికల్ షాపుకెళ్లి, కిందటిసారి వాడిన మాత్రలే ఓ నాలుగు తెచ్చి వేసుకుంటాం. చాలా గడ్డలు వాటంతటవే పగిలి, చీము పోయి మానిపోతాయి కాబట్టి ఆ పేరు మాత్రలకు దక్కుతుంది. చిక్కల్లా మానని గడ్డతోనే.

సెగ్గడ్డ తెచ్చేది సాధారణంగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. పదిమందిలో ముగ్గురి ముక్కులో ఇది ఏ హానీ చేయకుండా కాపురముంటుంది. చర్మం గీరుకున్నచోటో, వెంట్రుక కుదురులోనో దూరితే చీము పడుతుంది. పెన్సిలిన్ వాడకంలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే, 1940ల్లోనే, ఆ మందును విరిచేసే ఎంజైమ్ ఉన్న రకాలు ప్రబలాయి. వాటికి విరుగుడుగా 1959లో మెథిసిలిన్ తెచ్చారు. 1961 నాటికి దానికీ లొంగని రకం ఇంగ్లండులో బయటపడింది. దాన్నే ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ప్రొటీన్‌ను పట్టుకుని పని ఆపేస్తాయి. ఈ మొండి రకం ఆ మందులకు చిక్కని వేరే ప్రొటీన్‌తో గోడ కట్టుకుంటుంది. అందుకే మనకు అలవాటైన అమాక్సిసిలిన్ దీని మీద పనిచేయదు.

చూసి గుర్తుపట్టగలమా? లేదు. మామూలు గడ్డయినా, మొండి గడ్డయినా ఎర్రగా, వేడిగా, సలుపుతూనే ఉంటుంది. ఏదో పురుగు కుట్టిందనుకునేవాళ్లూ ఉంటారు. అయితే అనుమానించాల్సిన సందర్భాలున్నాయి. మానిన గడ్డ మళ్లీ మళ్లీ లేవడం, ఒకే ఇంట్లోనో హాస్టల్ గదిలోనో ఇద్దరు ముగ్గురికి రావడం, ఈమధ్యే ఆస్పత్రిలో ఉండి రావడం, రెండు మూడు రోజులు మందు వాడినా తగ్గకపోవడం.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. ఎరుపు ఎక్కడిదాకా ఉందో ఆ అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కనే తేదీ, టైము రాయండి. మర్నాటికి ఎరుపు గీత దాటిందంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. జ్వరం వచ్చినా, గడ్డ నుంచి ఎర్రటి చారలు పాకినా, ముక్కు, పైపెదవి చుట్టుపక్కల లేచినా, పసిపిల్లలకో షుగరు ఉన్నవాళ్లకో వచ్చినా గీత కోసం ఆగొద్దు. ఈలోగా గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. పిండొద్దు, సూదితో పొడవొద్దు.

మందు పనిచేయనంత మాత్రాన మొండి రకమే అని తేల్చేయకూడదు. చీము లోపల నిలిచిపోతే మంచి మందైనా అక్కడిదాకా అందదు. అలాంటి గడ్డకు డాక్టరు కోసి చీము తీయడమే సగం వైద్యం. ఆ చీమునే ‘కల్చర్ అండ్ సెన్సిటివిటీ’కి పంపమని అడగండి. ల్యాబులో ముందు బ్యాక్టీరియాను పెంచుతారు. తర్వాత దాన్ని గాజు పళ్లెంలో పరిచి, మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని వలయం ఏర్పడుతుంది. సెఫాక్సిటిన్ బిళ్ల చుట్టూ ఆ వలయం 21 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే ఎంఆర్‌ఎస్‌ఏగా తీసుకుంటారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టులో ‘ఎస్’ ఉన్న మందుకు లొంగుతుంది, ‘ఆర్’ ఉన్నదానికి లొంగదు. ముందే యాంటీబయాటిక్ మింగితే పళ్లెంలో ఏమీ మొలవకపోవచ్చు. కనుక వీలైతే చీము ఇచ్చాకే మందు మొదలుపెట్టాలి.

మరి ముక్కులో పుల్ల తిప్పి ల్యాబుకు పంపే కిట్లు? అవి క్రిమి మీ ముక్కులో ఉందో లేదో చెబుతాయి. మీ కాలి మీది గడ్డకు కారణం అదేనని చెప్పలేవు.

తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్లకే ఉంచండి. పుండుకు కట్టు కట్టండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. మాత్రల అట్ట మీద నిలువునా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందని అర్థం. ఆ కల్చర్ రిపోర్టును మాత్రం పారేయకండి. మళ్లీ గడ్డ లేస్తే పాత మాత్రల అట్టకు బదులు ఆ కాగితం పట్టుకెళ్లండి.