కూటికో కొలువు.. చెవికో కొలువు!

పినపాక: పెళ్లివారి ఇంటి ముందు వేపచెట్టుకు మైకు బూర కట్టగానే ఊరికి పెళ్లి కళ వచ్చేది. ‘హలో.. మైక్ టెస్టింగ్.. వన్, టూ, త్రీ’ అన్న మాట వినబడితే చాలు, పిల్లలంతా పరుగున వచ్చి ఆంప్లిఫయర్ పెట్టె చుట్టూ మూగేవారు. ఆ పెట్టె ముందు కూర్చున్న మనిషికి పెళ్లికొడుకు తర్వాత అంతటి మర్యాద. టీ, ఫలహారం ముందు ఆయనకే అందేవి. అయితే ఆ మర్యాద మూడునాళ్ల ముచ్చటే. నాలుగో నాడు ఆయనే అరక కట్టుకుని చేనుకు పోయేవాడు. లేదా సద్దిగిన్నె తగిలించుకుని బొగ్గుబావి షిఫ్టుకు సైకిలెక్కేవాడు.

పినపాక, ఏడూళ్ల బయ్యారం, మణుగూరు ప్రాంతాలలో రేడియో, మైకు, టేపురికార్డరు మీద మోజు పడినవారి బ్రతుకుతెరువు ఎక్కువగా ఈ తీరునే సాగింది. కూటి కోసం ఒక పని, చెవి కోసం మరొక పని. మొదటిది ఇల్లు గడిపింది. రెండవది ఊరికి ఉపయోగపడింది. ఈ రెండవ పనికి ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. దాని విలువ ఎంతో ఇప్పుడైనా లెక్క కట్టవలసిన అవసరం వచ్చింది.

మూఢం వస్తే అటకెక్కేది

మైకు సెట్టునే నమ్ముకుని ఏడాది పొడుగునా బ్రతకడం కుదరని పని. మాఘం నుంచి వైశాఖం, జ్యేష్ఠం వరకు పెళ్లిళ్లు. మధ్యలో శ్రీరామనవమి. తరువాత వినాయకచవితి, దసరా. ఐదేళ్లకోసారి ఎన్నికలు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ముహూర్తాలుండవు. సెట్టు అటకెక్కేది. సరిగ్గా అప్పుడే వానలు పడి పొలం పని మొదలయ్యేది. అందువల్ల సేద్యం, మైకు ఒకదానికొకటి అడ్డు రాకుండా ఒకే ఇంట్లో ఇమిడిపోయాయి.

సేద్యం లేనివారు ఇతర పనులలో ఉండేవారు. గడియారాలు బాగుచేసేవారికి సన్నని స్క్రూలు తిప్పే చేయి ఉంటుంది కనుక రేడియో విప్పడం వారికి కష్టం కాలేదు. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లకు తీగల సంగతి చెప్పనవసరం లేదు. సైకిలు షాపులు, పాన్‌షాపులు పెట్టుకున్నవారు కొట్టు మూలన ఒక బల్ల వేసి, సోల్డరింగు కడ్డీ పెట్టి రిపేర్లు చేసేవారు. బడిపంతుళ్లకు ఆగస్టు 15, జనవరి 26 పండుగలు ఉండనే ఉన్నాయి. మణుగూరులో సింగరేణి ఓపెన్‌కాస్టులు, 1979 తరువాత సారపాక కాగితం మిల్లు, 1991లో అశ్వాపురం వద్ద భారజల కర్మాగారం నడక మొదలుపెట్టాక ఎలక్ట్రీషియన్లకు, ఫిట్టర్లకు కొలువులు పెరిగాయి. పగలు పెద్ద మోటార్లు చూసే చేతులే రాత్రి ఇంటివద్ద చిన్న ట్రాన్సిస్టర్లను చూసేవి.

రేడియోకు పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకునే రోజులవి. 1980 దశకంలో ఆ పద్ధతి పోయింది. అంతవరకు ఇంట్లో రేడియో ఉండడమే గొప్ప. అడవి మధ్య ఊళ్లలో స్టేషన్ అందక గరగరమంటుంటే, రెండు వెదురుగడల నడుమ రాగితీగ లాగి ఏరియల్ కట్టిన కుర్రవాళ్లే తరువాతి కాలంలో రిపేరు చేతులయ్యారు. ఆ తీగను ఎంత ఎత్తు కట్టాలి, ఏ దిక్కుకు కట్టాలి అన్నది ఎవరూ నేర్పలేదు. కట్టి, విని, విప్పి, మళ్లీ కట్టి నేర్చుకున్నారు.

చెవే మీటరు

ఈ విద్యకు బడి లేదు. ఉన్నదల్లా చెవి. రికార్డుల కాలంలో నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెం మీద ఒక్కోవైపు సుమారు మూడు నిమిషాల పాట. ఇనుప పిన్ను వైపుకొకటి చొప్పున మార్చాలి. అరిగిన పిన్నుతో రెండు పాటలు వేస్తే రికార్డు గాడి చెడిపోతుంది. అది కంటికి కనబడదు. చెవికి తెలుస్తుంది.

ఆంప్లిఫయర్ ‘గుయ్’మంటుంటే ఎర్తు సరిగా లేదని అర్థం. ఇనుప కడ్డీ నేలలో దిగగొట్టి, ఉప్పునీళ్లు పోసి, ఆ తీగ కలిపితే చాలాసార్లు ఆ మోత తగ్గుతుంది. మైకు పట్టుకోగానే చెవులు చిల్లులు పడేలా కూత వస్తే, బూర నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో దూరి, మళ్లీ పెరిగి గుండ్రంగా తిరుగుతున్నదన్నమాట. మైకును బూరకు వెనుకగా జరిపితే ఆ కూత ఆగుతుంది.

బూరలు కలపడంలోనే అసలు పనితనం ఉంది. 16 ఓముల యూనిట్లు రెండింటిని పక్కపక్కన కలిపితే లెక్క 8 అవుతుంది. నాలుగు కలిపితే 4. ఒకదాని వెనుక ఒకటి కలిపితే రెండింటికే 32. ఆంప్లిఫయర్ వెనుక ఏ మరకు కలపాలో ఈ లెక్క చెబుతుంది. లెక్క తప్పితే యూనిట్ కాలుతుంది, లేదా పెట్టె కాలుతుంది. ఒక్క యూనిట్ కాలితే ఆ పెళ్లికి వచ్చిన కిరాయి దానికే సరిపోయేది. పదో తరగతి గడప తొక్కనివారు సైతం ఈ లెక్కను వేళ్ల మీద చేసేవారు.

క్యాసెట్లు వచ్చాక పని ఇంకా సున్నితమయింది. పాట మందగించి సాగితే బెల్టు వదులయిందని, స్వరం మూసుకుపోతే హెడ్డుకు మురికి పట్టిందని తెలుసుకోవాలి. దూదికి స్పిరిటు అద్ది తుడవాలి. అయినా స్పష్టత రాకపోతే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, స్వరం తేటపడినచోట ఆపాలి. దీనికి మీటరు ఏదీ పెట్టేవారు కాదు. చెవే మీటరు.

పెద్దవారి కథా ఇదే

కొలువొకటి, మక్కువ ఒకటి కావడం పినపాక వింత కాదు. హైదరాబాదులో మహబూబ్ అలీ అనే ఆయన తపాలా తంతి శాఖ ఉద్యోగి. 1930 దశకం మొదట్లో చిరాగ్ అలీ సందులో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టి స్వయంగా రేడియో నడిపారు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని తీసుకుంది. అదే దక్కన్ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఇవాళ్టి హైదరాబాద్ ఆకాశవాణికి మొదటి రాయి వేసింది ఒక తపాలా ఉద్యోగి మక్కువేనన్నమాట.

క్యాసెట్టును లోకానికి ఇచ్చిన లూ ఒట్టెన్స్‌ది హాలెండ్ దేశం. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు ఆయన చిన్నవాడు. దొంగచాటుగా స్వదేశీయుల ప్రసారం వినడానికి సొంతంగా రేడియో కట్టుకున్నారు. పెద్దయ్యాక ఫిలిప్స్ కంపెనీలో ఇంజినీరయ్యారు. టేపు ఎంత సైజులో ఉండాలో తేల్చడానికి కోటు జేబులో పట్టే చెక్కముక్కను కోయించుకుని అదే కొలత అన్నారు. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో క్యాసెట్టు బయటకు వచ్చింది. ఆయన 2021లో మరణించారు.

ఆ క్యాసెట్టులోని ‘సుయ్’మనే రొదను తగ్గించే పద్ధతికి పేరుపడిన రే డాల్బీ అమెరికావాసి. ఆయన 1963 నుంచి రెండేళ్లపాటు యునెస్కో సలహాదారుగా మన దేశంలోనే ఉద్యోగం చేశారు. ఆ తరువాత 1965లో లండన్‌లో సొంత సంస్థ పెట్టారు. సినిమాహాళ్ల తెర మీద కనిపించే డాల్బీ పేరు ఆయనదే.

గోదావరి లేచినప్పుడు

మైకు సెట్టు పెళ్లికే అనుకుంటే పొరపాటు. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టు 16న అక్కడ 75.6 అడుగులు నమోదయింది. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. అటువంటి వరదలో కరెంటు పోతుంది. చార్జింగు లేక సెల్‌ఫోన్లు మూగబోతాయి. అప్పుడు ఆటో మీద బ్యాటరీతో నడిచే మైకే ఒడ్డు ఊళ్లకు దిక్కు.

ఇక్కడ కూడా చెవి ఉన్నవాడికీ లేనివాడికీ తేడా కనబడుతుంది. సినిమా పాటకు పాత బూర చాలకపోవచ్చు గాని, మనిషి మాట దూరం పోవడానికి దానిని మించినది లేదు. దానికి బరువైన దరువు పలకదు. మాట తెలియడానికి కావలసిన మధ్యస్వరాలే గట్టిగా పలుకుతాయి. వానహోరులో చాటింపు వేసేవారు బాసు తగ్గించి, మాటకు మాటకు ఎడమిచ్చి, చెప్పినదే రెండుసార్లు చెప్పాలి. కోయగూడేల వద్ద తెలుగుతో పాటు కోయలోనూ చెప్పాలి. ఈ మెలకువలు తెలిసిన మనిషి ఊరికొకరు ఉండడం పడవ ఉండడంతో సమానమంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు పెళ్లిళ్లలో బూరల స్థానాన్ని డీజే పెట్టెలు ఆక్రమించాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉంటే చెవి క్రమంగా మందగిస్తుందని వైద్యుల లెక్క. అంతకుమించి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఉండదగిన సమయం సగమవుతుంది. బావిలో యంత్రాల పక్కన పనిచేసి వచ్చి, రాత్రి డీజే పెట్టె పక్కన నిలబడే యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఈ విద్యకు పెట్టుబడి చెవి. అది పోతే తిరిగి రాదు.

పెట్టెల్లో పాటలు

అన్నిటికంటే తొందరపడవలసిన సంగతి మరొకటి ఉంది. టేపురికార్డర్లు ఇంటింటికీ వచ్చిన కాలంలో పెళ్లిపాటలు, కొలుపుల పాటలు, డోలు మోతలు, ముసలివారి కథలు క్యాసెట్ల కెక్కాయి. సినిమా పాటల క్యాసెట్టు పోతే మరొకచోట దొరుకుతుంది. అవ్వ పాడిన పాట ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉంటుంది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వీరుల కథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు వాయిస్తూ కోయలోనూ, తెలుగులోనూ పాడేవారు. 2022లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది కనుక పదిమందికీ తెలిశారు. పేరు రాకుండానే వెళ్లిపోయిన గాయకుల గొంతులు ఇక వినాలంటే టేపులే గతి.

టేపు శాశ్వతం కాదు. సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన ఇనుప పొడిలోనే పాట ఉంటుంది. మన వానాకాలపు చెమ్మకు దాని మీద బూజు పడుతుంది. పొడి రాలుతుంది. పొడితో పాటే పాట రాలుతుంది. బూజు పట్టినదానిని అలాగే డెక్కులో పెట్టి తిప్పితే టేపు తెగవచ్చు, హెడ్డు కూడా పాడవుతుంది. ముందు ఆరబెట్టి, బూజు తుడిచి, పెన్సిలుతో నిదానంగా చుట్టి, శుభ్రం చేసిన డెక్కులో ఒక్కసారి నడిపి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. దీనికి ఖరీదయిన సరంజామా అక్కరలేదు. డెక్కు నుంచి కంప్యూటరుకు ఒక తీగ, ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్ చాలు. ఎక్కించినదానిని రెండుచోట్ల దాచుకోవాలి. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం పక్కనే రాసిపెట్టాలి.

ఈ పని చేతనైనవారు ఎక్కడో లేరు. పాత బెల్టు మార్చి, స్క్రూ తిప్పి, చెవితో స్వరం పట్టగల చేతులు సేద్యంలోనో, కొట్టులోనో, సింగరేణి పింఛనులోనో ఈ ఊళ్లలోనే ఉన్నాయి. వారికీ వయసు మీదపడుతున్నది. టేపు, మనిషి ఇద్దరూ ఉన్నప్పుడే పని జరగాలి.

ఇళ్లలో పాత క్యాసెట్లు ఉన్నవారు వాటిని తుక్కువానికి వేయకుండా, చెమ్మ తగలనిచోట నిలువుగా పేర్చి ఉంచాలి. పెళ్లిళ్లలో మైకు పెట్టిన పెద్దమనుషులను పిలిచి చూపించాలి. భద్రాచలం ఐటీడీఏ వారు పూనుకుని ఇటువంటివారికి రోజుకూలి చొప్పున ఇచ్చి, మండలానికొక డెక్కు, ఒక కంప్యూటరు ఏర్పాటు చేస్తే ఒక్క వేసవిలో ఎన్నో గొంతులు దక్కుతాయి. వచ్చే వానాకాలానికి ముందే ఈ పని మొదలు కావడం అవసరం.